పదహారు జతల కర్రలు: ఫింటాస్ నుంచి వఫ్రా దాకా మా కోలాటం

ఈ జనవరిలో ఒక శుక్రవారం. ఉదయం ఏడు గంటలు. ఫింటాస్‌లో మా బిల్డింగ్ ముందు బస్సు ఆగి ఉంది. కువైట్ అంటే ఎండలే గుర్తొస్తాయి గానీ జనవరి పొద్దున చలి ఎముకల్లోకి దిగుతుంది. మా వాళ్లు పట్టుచీరల మీద స్వెట్టర్లు, పంచెల మీద జాకెట్లు వేసుకుని ఒక్కొక్కరే బస్సెక్కుతున్నారు. కర్రల మూట, డోలక్, గజ్జెల సంచి, రెండు పెద్ద గిన్నెల్లో పులిహోర, పెరుగన్నం కూడా ఎక్కాయి.

నా చేతిలో ఫోన్. అందులో పదహారు పేర్ల జాబితా. పదిహేను పేర్ల పక్కన టిక్కు పడింది. ఒక పేరు దగ్గర ఖాళీ.

ఆ ఖాళీ కోనసీమ అక్కది. సల్వాలో ఒక కువైటీ ఇంట్లో వంట పని చేస్తుంది. ఏడుంబావుకు మెసేజ్ వచ్చింది: ‘ఇంటికి చుట్టాలొచ్చారండి. మామా ఇంకా వెళ్లమనలేదు. కాసేపు ఆగండి బాబూ, వచ్చేత్తాను.’ ఇక్కడ మామా అంటే ఇంటి యజమానురాలు. ఏడున్నరకు బయలుదేరాలి. మా ప్రదర్శన పదిగంటలకు. మేము ఏడూ నలభై ఐదు దాకా ఆగాం. డ్రైవర్ హారన్ కొట్టాడు. అందరూ నా వైపు చూశారు, ఎందుకంటే టైమ్ టేబుల్ రాసినవాణ్ని నేనే.

‘పోనీ’ అన్నాను.

ఆ ఒక్కమాట ఆ రోజంతా నన్ను వదల్లేదు. ఎందుకో చెప్పాలంటే, ముందు మేమెవరమో చెప్పాలి.

ఊరి పేర్లే మా పేర్లు

ఫింటాస్ కువైట్ సిటీకి దక్షిణంగా, అహ్మదీ గవర్నరేట్‌లో సముద్రం ఒడ్డున ఉంటుంది. ఒకప్పుడు చిన్న తీరగ్రామం. ఇప్పుడు అపార్ట్‌మెంట్ల వరసలు. పక్కనే మహబూలా, అబూ హలీఫా, మంగాఫ్, ఇంకాస్త ముందుకెళ్తే ఫాహాహీల్. ఈ దేశంలో భారతీయులం సుమారు పది లక్షల మందిమి ఉన్నాం. అందులో మన తెలుగువాళ్లలో కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల వాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. రాయచోటి, రాజంపేట, కోడూరు, పుల్లంపేట వైపు పల్లెల్లో ‘మా అన్న కువైట్‌లో ఉండాడు’ అనని ఇల్లు దొరకడం కష్టం.

నేను నందలూరు వాణ్ని. సౌమ్యనాథస్వామి గుడి, చెయ్యేరు, ఒకనాటి రైలింజన్ల షెడ్డు, ఇవీ మా ఊరి గుర్తులు. ఎంటెక్ చదివి, బెంగళూరులో కొన్నాళ్లు చేసి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద కుటుంబంతో ఇక్కడికి వచ్చాను. చాలా ఏళ్లు మా లోకం మాదే. ఆఫీసు, పిల్లల బడి, వారాంతం మాల్, ఉగాదికీ సంక్రాంతికీ ఏదో ఒక హాల్లో సినిమా పాటల కార్యక్రమం. అదే వీధిలో గదికి ఆరుగురు చొప్పున ఉండే మనవాళ్లను బక్కాలాలో, అంటే వీధి చివరి కిరాణా కొట్లో, చూసేవాణ్ని. పలకరిస్తే ‘బాగుండారా సార్’ అనేవాళ్లు. అక్కడితో సరి.

2023 చలికాలంలో ఒక రాత్రి కారు పార్కింగ్ దగ్గర చప్పుడు వినబడింది. టక్ టక్ టకటక్. నాకు ఒళ్లు ఝల్లుమంది. అది చెక్కల చప్పుడు. చిన్నప్పుడు ఒంటిమిట్ట కోదండరాముడి ఉత్సవాలకు చుట్టుపక్కల పల్లెల చెక్కభజన బృందాలు వచ్చేవి. ఒక చేతిలో చెక్కల జత, వాటికి గలగలలాడే ఇనుప బిళ్లలు, కాళ్లకు గజ్జెలు, మధ్యలో గురువు పాట. మా మేనమామ అందులో ఆడేవాడు. ఇంజనీరింగ్‌కు పోయాక మిత్రుల ముందు ఆ సంగతి చెప్పడానికి నాకు నామోషీగా ఉండేది. నిజం నిజమే, దాచేదేముంది.

ఆ చప్పుడు చేస్తున్నది మా బిల్డింగ్‌లోనే ఒక కువైటీ కుటుంబానికి డ్రైవర్‌గా ఉన్న పెద్దాయన. పుల్లంపేట దగ్గర పల్లె. యాభై ఎనిమిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే. కారు కడిగేశాక, ఎవరూ లేరనుకుని, చెక్కలు తీసి నాలుగడుగులు వేసుకుంటున్నాడు. నన్ను చూసి ఆపేశాడు. ‘సార్, డిస్టబ్ అయిందా?’ అన్నాడు. నేను నవ్వి ఎడమకాలు ముందుకేసి, మా మామ వేసే అడుగు ఒకటి వేసి చూపించాను. తప్పుగానే వేశాను. ఆయన దగ్గరికొచ్చి నా మోకాలు మీద చెయ్యి పెట్టి, ‘ఈడ వంగాల’ అన్నాడు.

మా బృందం అలా మొదలైంది. కుటుంబాలతో ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు కోలాటం దగ్గర. కాబట్టి చెక్కభజన అడుగు, కోలాటం కర్ర రెండూ కలిశాయి. మాలో ఒక నర్సు, ఇద్దరు బడి పంతులమ్మలు, ఇద్దరు గృహిణులు, ఇళ్లలో పనిచేసే అక్కలు ముగ్గురు, డ్రైవర్లు, ఏసీ మెకానిక్, బేకరీలో కుబ్బూస్ కాల్చే తమ్ముడు. ఎనిమిదిమంది ఆడ, ఎనిమిదిమంది మగ. అందరినీ ఊరిపేరుతోనే పిలుస్తాం. రాజంపేట అక్క, రాయచోటి అన్న, సిద్దవటం తమ్ముడు, కోనసీమ అక్క. పెద్దాయన మొదటిరోజే ఒక నియమం పెట్టాడు: ‘వలయంలో సారూ లేడు, మేడమూ లేదు. ఎదర ఉండేది కర్ర. అంతే.’ కానీ అలవాటు ఊరికే పోతుందా? వలయం బయటికి రాగానే మళ్లీ సార్ అనేవాళ్లు.

నేను పదిహేడోవాణ్ని. నాకు అడుగు కుదరదు. కాబట్టి లెక్కలు, బస్సులు, అనుమతులు నావి.

ఇంగ్లిష్ మిత్రుడి గజ్జెలు

మా ఆఫీసులో ఆక్స్‌ఫర్డ్ దగ్గరి ఊరివాడు ఒకడున్నాడు. ఒకరోజు నా ఫోన్‌లో మా సాధన వీడియో చూసి కుర్చీలోంచి లేచాడు. ‘ఇది మా మారిస్’ అన్నాడు. నాకు అర్థం కాలేదు. తను కుర్రవాడిగా ఉన్నప్పుడు మారిస్ డాన్స్ చేసేవాడట. తెల్లబట్టలు, మోకాళ్ల కింద గజ్జెల పట్టీలు, చేతుల్లో కర్రలు లేదా రుమాళ్లు. ఆరుగురు ఎదురెదురుగా నిలబడి కర్రలు తాకిస్తూ ఎగరడం. ఒక్కో ఊరి బృందాన్ని ‘సైడ్’ అంటారు. ఏడాదిలో ఒకరోజు పది పదిహేను సైడ్లు కలిసి ఊరూరా తిరిగి ఆడటం వాళ్లకు పండగ.

అతను చెప్పిన ఒక సంగతి నా మనసులో నిలిచిపోయింది. 1899 డిసెంబర్ 26న హెడింగ్టన్ క్వారీ అనే ఊళ్లో సెసిల్ షార్ప్ అనే సంగీతకారుడు మారిస్ బృందాన్ని మొదటిసారి చూశాడు. నిజానికి అది వాళ్లు ఆడే కాలం కాదు. వేసవి మొదట్లో వచ్చే విట్సన్ పండగకు ఆడాలి. కానీ మంచు పడి కట్టుబడి పనులు ఆగిపోయాయి. చేతిలో డబ్బు లేదు. నాలుగు రాళ్లు వస్తాయని కాలం కాని కాలంలో బయటికొచ్చి ఆడారు. వాళ్లకు కాన్సర్టీనా వాయించిన విలియం కింబర్ తాపీ పనివాడు. షార్ప్ మర్నాడే అతన్ని పిలిపించి ఆ బాణీలు రాసుకున్నాడు. తర్వాతి రోజుల్లో ఇంగ్లండ్ తన జానపద నృత్యాన్ని మళ్లీ నేర్చుకోవడానికి ఆ పరిచయం పెద్ద కారణమైంది.

ఆ రాత్రి ఈ కథ పెద్దాయనకు చెప్పాను. విని కాసేపు ఊరకున్నాడు. ‘అయితే ఆడ కూడా కూలోళ్లే మిగిలిచ్చినారన్నమాట’ అన్నాడు.

మనకూ లిఖిత చరిత్ర తక్కువేం లేదు. కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయపసేనాని 13వ శతాబ్దం మధ్యలో రాసిన ‘నృత్తరత్నావళి’లో దేశి నృత్యాల మధ్య దండరాసకాన్ని, అంటే కర్రలతో ఆడే ఆటను, వివరించాడు. దాదాపు ఏడువందల డెబ్భై ఏళ్ల కిందటి మాట. కానీ ఆ పుస్తకం చదివి ఎవరూ కోలాటం నేర్చుకోలేదు. ఒకరి మోకాలు మీద మరొకరు చెయ్యి పెట్టి ‘ఈడ వంగాల’ అంటేనే అది ఇంతదూరం వచ్చింది.

సాధనకు చోటు

కోలాటానికి కావలసింది మూడు: కర్రలు, చోటు, శుక్రవారం. కువైట్‌లో మూడూ కష్టమే.

మొదట చీపురుకట్టెలకు వాడే గుండ్రటి కర్రలు కొని మూరెడు ముక్కలు కోయించాం. చప్పుడు పలకలేదు, పెచ్చులు లేచాయి. తర్వాత సెలవుకు వెళ్లిన ప్రతి ఒక్కరూ రెండు జతలు సూట్‌కేసులో తెచ్చారు. ఆవకాయ, కందిపొడి మధ్య కోలాటం కర్రలు.

చోటు సంగతి. అపార్ట్‌మెంట్‌లో పదహారుమంది ఎగిరితే కిందివాళ్లు ఊరుకోరు. బీచ్ దగ్గర గుంపుగా ఆడితే పోలీసు ప్రశ్నలు. ఇక్కడ బహిరంగంగా జనం పోగవ్వాలంటే అనుమతి ఉండాలి. చివరికి మా హారిస్, అంటే బిల్డింగ్ కాపలాదారు, బేస్‌మెంట్‌లో ఒక మూల ఇచ్చాడు. ఈజిప్టువాడు. మొదట గొణిగేవాడు, తర్వాత టీ పెట్టి తెచ్చేవాడు.

2024 జూన్ 12న ఆ మూల కూడా పోయింది. ఆ తెల్లవారుజామున మా పక్కనే మంగాఫ్‌లో కార్మికులు ఉండే బిల్డింగ్‌లో మంటలు లేచాయి. నలభై ఐదుగురు భారతీయులు చనిపోయారు. ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. మా సిద్దవటం తమ్ముడి గది అక్కడికి రెండు వీధుల అవతల. పొద్దున్నుంచి అతని ఫోన్‌కు ఊరి నుంచి కాల్స్ ఆగలేదట. ‘అన్నా, అందరికీ బతికే ఉన్నానని చెప్పి చెప్పి నోరు ఎండిపాయ’ అన్నాడు. ఆ తర్వాత బిల్డింగ్‌లలో తనిఖీలు పెరిగాయి. బేస్‌మెంట్ వద్దన్నాడు హారిస్. అది న్యాయమే. మూడు నెలలు ఎవరమూ కర్ర ముట్టలేదు. అక్టోబర్‌లో ఎండ తగ్గాక ఒక మిత్రుడి అద్దె విల్లా మిద్దెపైన మళ్లీ మొదలుపెట్టాం. మొదటిరోజు కర్రలు తీయలేదు. పెద్దాయన ఒక్కడే నిలబడి భజన పాట ఒకటి పాడాడు, అంతే.

ఇక శుక్రవారం. ఇళ్లలో పనిచేసేవారికి వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని 2015లో వచ్చిన 68వ నంబర్ చట్టం చెబుతుంది. పని రోజుకు పన్నెండు గంటలు మించకూడదు, ఏడాదికి నెలరోజుల జీతంతో సెలవు ఇవ్వాలి అని కూడా ఉంది. కొన్ని ఇళ్లలో అది అక్షరాలా జరుగుతుంది. కొన్ని ఇళ్లలో మామా మనసు, ఆ రోజు వచ్చిన చుట్టాలు, పిల్లల జ్వరాలు, వీటిని బట్టి ఉంటుంది. మా కోనసీమ అక్కకు నెలకు రెండు శుక్రవారాలు దొరికేవి. అందరికంటే తక్కువ సాధన ఆమెదే, అందరికంటే తప్పులు తక్కువ కూడా ఆమెవే. ఎలా అని అడిగితే, ‘గిన్నెలు కడిగేటప్పుడు లెక్క పెట్టుకుంటానండి’ అంది.

పాట విషయంలో నాకూ పెద్దాయనకూ ఒకసారి మాట పట్టింపు వచ్చింది. స్టేజీ మీద రికార్డు పాట పెడదాం, శబ్దం బాగుంటుంది, నిమిషాలు పక్కాగా తేలతాయి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ‘నాయనా, పాట మిషన్లోంచి వస్తే కాలు జారినోడి కోసరం అది ఆగుతాదా?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆయనకు ఇదే ఆఖరి ప్రదర్శన అని మాకందరికీ తెలుసు. మార్చిలో అకామా ముగుస్తుంది. క్యాన్సిల్ చేసుకుని ఊరికి వెళ్లిపోతున్నాడు. ఆయన తర్వాత పాట ఎవరు ఎత్తుకుంటారన్నది ఎవరూ పైకి అనని ప్రశ్న.

పదిహేనుమంది, ఒక ఖాళీ

వఫ్రా దక్షిణాన సౌదీ సరిహద్దు వైపు ఉన్న వ్యవసాయ ప్రాంతం. కువైట్ తినే కూరగాయల్లో మంచి భాగం అక్కడివే. చలికాలంలో తోటలు అద్దెకిస్తారు. భారతీయ సంఘాల పిక్నిక్‌లు ఎక్కువగా అక్కడే. మీనా అబ్దుల్లా దాటాక దారికి రెండువైపులా ఎడారిలో కువైటీల గుడారాలు, దూరంగా చమురు మంటలు. బస్సులో ఎప్పుడూ పాటలుండేవి. ఆ రోజు ఎవరూ నోరు విప్పలేదు. రాజంపేట అక్క మాత్రం, ‘పాపం, నిన్న రాత్రి పదకొండుకు ఫోన్ చేసి చీర ఏ రంగని అడిగింది’ అంది. ఎవరితోనో అన్నట్టు అంది గానీ నాకు తగిలింది.

తోటలో ఖర్జూర చెట్ల మధ్య చదును చేసిన నేల. ఒక పక్క చిన్న వేదిక. అప్పటికే గుజరాతీ దాండియా బృందం అద్దాల చనియాచోళీల్లో సిద్ధం. మలబార్ నుంచి వచ్చిన మలయాళీ యువకులు కోల్‌కళికి తెల్లలుంగీలు, నడుముకు వెడల్పు బెల్టులు బిగిస్తున్నారు. వాళ్లవీ చిన్న కర్రలే. తమిళులది ఒయిలాట్టం, చేతుల్లో రంగు రుమాళ్లు. పంజాబీల ఢోల్ ఎప్పుడో మోగుతోంది. మా ఇంగ్లిష్ మిత్రుడు కూడా వచ్చాడు, జేబులో రెండు తెల్ల రుమాళ్లతో. ఒయిలాట్టం వాళ్ల రుమాళ్లు చూసి చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

మా చిక్కు ఇది. మేము ఆడే కోపుల్లో ముఖ్యమైనది రెండు వలయాలది. లోపల ఎనిమిది మంది, బయట ఎనిమిది మంది, ఎదురెదురుగా. లోపలివాళ్లు నిలబడ్డ చోటే ఆడతారు. బయటివాళ్లు ప్రతి చరణానికీ ఒక స్థానం ముందుకు జరుగుతారు. ఎనిమిది మార్పులకు మళ్లీ మొదటి జత కలుస్తుంది. పదిహేనుమంది అయితే ఖాళీ ఒకచోట ఉండదు, తిరుగుతూ ఉంటుంది. లోపలున్న ఎనిమిదిమందిలో ప్రతి ఒక్కరికీ ఒకసారి ఎదుట మనిషి ఉండడు. ఎత్తిన కర్ర గాలికే తగులుతుంది.

‘మీరు దిగండి’ అన్నారు అందరూ. దిగాను. గజ్జెలు కట్టారు. పెద్దాయన విజిల్ ఊదాడు, పాట ఎత్తుకున్నాడు.

మొదటి రెండు కోపులు ఎలాగో గడిచాయి. మూడోదాంట్లో కుడివైపు తిరగాల్సిన చోట ఎడమకు తిరిగాను. బేకరీ తమ్ముడి కర్ర నా వేళ్ల మీద పడింది. నా కర్ర ఎగిరి ముందువరసలో కూర్చున్నవాళ్ల దగ్గర పడింది. అప్పుడు పెద్దాయన చేసిన పని నేను మరచిపోను. పాట ఆపలేదు. ఆ చరణాన్నే మళ్లీ ఎత్తుకున్నాడు. ఇంకోసారి ఎత్తుకున్నాడు. నేను కర్ర తెచ్చుకుని నా చోటికి వచ్చేదాకా అదే చరణం. చూసేవాళ్లకు అది పాటలో భాగమే అనిపించి ఉంటుంది. రికార్డు పాటైతే నన్ను వదిలేసి పోయేది. సల్వా నుంచి రావలసిన మనిషిని నేను వదిలేసి వచ్చినట్టు.

చప్పట్లు బాగానే కొట్టారు. మా పాప పక్కకొచ్చి, ‘నాన్నా, నువ్వు తప్ప అందరూ బాగా చేశారు’ అంది. పదమూడేళ్లు. నిజమే చెప్పింది.

ఒంటిగంటకు వచ్చిన మనిషి

కోల్‌కళి చూస్తుంటే మాటలు రాలేదు. వంగడం, లేవడం, ఒకరి మధ్యలోంచి ఒకరు దూరి పోవడం, అంత వేగంలో ఒక్క కర్ర కూడా పొరబడలేదు. తోట యజమాని ముసలాయన కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాడు. నాతో హిందీలో మాట్లాడాడు. ఆశ్చర్యపోతే నవ్వాడు. చిన్నప్పుడు తండ్రితో ఓడలో బొంబాయి వెళ్లేవాడట. కువైట్ దినార్ వచ్చింది 1961లో. అంతకుముందు ఇక్కడ చెల్లింది రూపాయే. ముత్యాల కోసం మునిగే ఓడల్లో పాటగాడు ఒకడు ఉండేవాడని, నహ్హామ్ అంటారని, తాళ్లు లాగేవాళ్లు అతని పాటకే లాగేవాళ్లని చెప్పాడు. ‘పాటగాడు లేకుండా నౌక కదలదు’ అన్నాడు. నేను అప్రయత్నంగా పెద్దాయన వైపు చూశాను. ఆయన చెట్టుకింద ఒంటరిగా గజ్జెలు విప్పుకుంటున్నాడు.

భోజనాలు మొదలయ్యాయి. ఒంటిగంట దాటింది. గేటు దగ్గర ఒక కారు ఆగింది. అందులోంచి పసుపుపచ్చ చీరలో కోనసీమ అక్క దిగింది. పొద్దున చుట్టాలకు నాస్తా పెట్టి, మధ్యాహ్నానికి మజ్బూస్ వండి పెట్టాక మామా వెళ్లమందట. వఫ్రాలో కూరగాయలు తెమ్మని డ్రైవర్‌ను పంపుతూ అదే కారులో ఈమెనూ ఎక్కించిందట. ‘నీ డాన్స్ అయిపోయి ఉంటుంది, అయినా వెళ్లు అందండి’ అని నవ్వుతూ చెప్పింది అక్క.

నేను ఎదురెళ్లాను. ‘అక్కా, ఇంకాస్త ఆగాల్సింది. తప్పు నాదే’ అన్నాను. ఆమె నా వాచిన వేళ్లు చూసింది. ‘ముందు దీనికి ఐసు పెట్టండి బాబూ. నాకోసం బస్సు ఆపితే పదిహేనుమంది ఆట పోయేది కదా. అలా ఎలాగండి’ అంది. కోపం చేసుంటే తేలిగ్గా ఉండేది.

పెద్దాయన అప్పటికే లేచాడు. విప్పిన గజ్జెలు మళ్లీ కట్టుకుంటున్నాడు. ‘వేదిక అయిపాయ. నేల ఉండాది కదా’ అన్నాడు.

మైకు లేదు, వేదిక లేదు. సగం భోజనాల్లో ఉన్నవాళ్లు చేతులు కడుక్కుని వచ్చారు. ఈసారి నేను బయట నిలబడ్డాను. పదహారుమంది సరిపోయారు. డోలక్ మొదలైంది. మొదటి చరణం పెద్దాయన ఎత్తుకున్నాడు. రెండో చరణం దగ్గర ఆయనకు దగ్గు వచ్చింది. చలికి గొంతు పట్టేసింది. పాట తెగిపోతుందేమో అనుకునే లోపు పక్కనుంచి ఇంకో గొంతు అందుకుంది. కోనసీమ అక్క. కడప పాటకు గోదావరి యాస పట్టింది. ఒక్క మాట పోలేదు. పెద్దాయన ఆగి, ఒకసారి ఆమె వైపు చూసి, మెడలోని విజిల్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. వలయం కదులుతూనే ఉంది.

కాసేపటికి దాండియా ఆడవాళ్లు తమ కర్రలతో బయట మూడో వలయం కట్టారు. వాళ్ల తాళం వేరు, మాది వేరు. రెండు నిమిషాలు గందరగోళం. తర్వాత ఎలా కుదిరిందో కుదిరింది. కోల్‌కళి యువకులు వాళ్ల పక్కన చేరారు. నా ఇంగ్లిష్ మిత్రుడు రెండు రుమాళ్లు గాల్లో ఊపుతూ మోకాళ్లు పైకెత్తి ఎగురుతున్నాడు. తోట యజమాని కుర్చీలో కూర్చునే చేతికర్ర నేలకు తాటిస్తున్నాడు. నేను నా వాచిన చేతితో వీడియో తీయబోయి, ఫోన్ జేబులో పెట్టేసుకున్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సు నేరుగా ఫింటాస్ రాలేదు. ముందు సల్వా వెళ్లింది. ఎవరూ ఆలస్యమవుతోందని అనలేదు. దిగుతూ అక్క, ‘వచ్చే శుక్రవారం కాదు, ఆ పై శుక్రవారం వత్తానండి’ అంది. ఆ నెల సాధన పట్టిక ఆమె సెలవుల ప్రకారం మార్చాను. ఇప్పటికీ అలాగే రాస్తున్నాను. పాటగాడు లేకుండా నౌక కదలదు కదా.

ఇప్పుడు

మార్చిలో పెద్దాయన వెళ్లిపోయాడు. విమానాశ్రయానికి పదకొండుమందిమి వెళ్లాం. ఇరవై రెండేళ్ల సామాను రెండు అట్టపెట్టెల్లో పట్టింది. చెక్కల జత మాత్రం మాకు వదిలాడు. ఇప్పుడు పుల్లంపేట నుంచి వారానికో వాయిస్ మెసేజ్ పెడతాడు. వెనకాల కోళ్ల అరుపులు, బస్సు హారన్లు వినిపిస్తాయి. కొత్త కోపు ఒకటి నోటితోనే తాళం వేస్తూ చెబుతాడు. కోనసీమ అక్క అది సల్వాలో వంటగదిలో విని, గిన్నెల దగ్గర లెక్కపెట్టుకుని, తన శుక్రవారం వచ్చినప్పుడు మాకు నేర్పుతుంది. ఆమె రాని వారం మేము పాతవే ఆడతాం. మా పాప లోపలి వలయంలో చేరింది. నేను నేర్చుకుంటున్నాను. కుడి ఏదో ఎడమ ఏదో ఇప్పుడు చాలావరకు తెలుసు.

పరాయి దేశాల్లో మన పిల్లలకు మన కళలు నేర్పించాలని మనం ఎంతో ఖర్చుపెడతాం. ఆన్‌లైన్ క్లాసులు, ఊరి నుంచి గురువులు, సెలవుల్లో శిబిరాలు. మంచిదే. కానీ అంతకుముందు ఒక్కసారి మీ వీధిలో చూడండి. మీ బిల్డింగ్ డ్రైవర్, మీ రెస్టారెంట్ వంటమనిషి, మీ పిల్లల బడి బస్సులో ఆయా, వీళ్లలో ఎవరో ఒకరు చెక్కభజన గురువు దగ్గర పదేళ్లు ఆడి ఉండొచ్చు. కోలాటంలో నలభై కోపులు తెలిసి ఉండొచ్చు. మీరు అడగలేదు కాబట్టి వాళ్లు చెప్పలేదు. అడగండి. అడిగాక వాళ్ల సెలవురోజు ఎప్పుడో కూడా అడగండి. దాన్ని బట్టి మీ టైమ్ టేబుల్ రాసుకోండి.

బస్సు మాత్రం ఇంకో పావుగంట ఆపండి.